ఆదివారపు అంగడి

ఆస్ట్రేలియాలోని పెర్తు నగరమున అంగళ్లు ఆదివారము తెఱవవచ్చునా యని 2005లో ఆ పశ్చిమ రాష్ట్రపు ప్రజల నెల్ల నడిగిరి. వలదనియే హెచ్చుమంది ఓటువేసిరి. 2012లో ప్రభుత్వమే తెఱచుట కనుమతించెను. ఓటు మాఱును, శాసనము మాఱును. కొట్టులో దినమంతయు నిలుచువాని అలసట మాఱదు.

మన కైకలూరున ఆదివారము చేపకు గిరాకి హెచ్చు. కొల్లేటి చేప సోమవారమువఱకు వేచియుండదు. కావున ఆ యంగడిని ఆదివారము మూయుమనుట తగదు. అయినను 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణములు, సంస్థల చట్టము పనివానికి వారమున నొకదినము జీతము కోయని సెలవు విధించినది. అది ఏ వారమైనను సరియే.

అంగడివేళలను గూర్చి గ్రామపెద్దలు తీర్మానించునపుడు, కొనువారి చేతు లెత్తించుటకు ముందు, తక్కెడ పట్టిన గుమాస్తాను “నీ సెలవు ఏనాడు?” అని యడుగవలయును. అతడు బదులు చెప్పలేనిచో మన తీర్మానము ముగియలేదనియే యెఱుగుడు.