పాత టైపు మిషను: కొనుట, బాగుచేయుట

పాత నాణెములను, తపాలా బిళ్లలను సేకరించేవారిని లోకం గౌరవంగా చూస్తుంది. పాత టైపు మిషనును మోసుకొని వచ్చేవానిని మాత్రం, "ఈ ఇనుప సామాను ఎందుకు?" అని ఇంటిల్లిపాదీ అడుగుతారు. ప్రశ్న సమంజసమైనదే. దానికి సమాధానం చెప్పి, అటువంటి యంత్రమును కొనునపుడు ఏమి చూడవలెనో, బాగుచేయునపుడు ఎక్కడ చేయి ఆపవలెనో వివరించడం ఈ ప్రసంగం ఉద్దేశం.

నెల్లూరు జిల్లా పడమటి సీమలో ఉదయగిరి, ఆత్మకూరు ఒకప్పటి తాలూకా కేంద్రములు. 1985లో మండలములు ఏర్పడేవరకు చుట్టుపట్ల గ్రామాల శిస్తు తగాదాలు, పొలం సరిహద్దుల అర్జీలు అక్కడి కచేరీలకే చేరేవి. కచేరీ ఉన్నచోట అర్జీ, అర్జీ ఉన్నచోట టైపు మిషను ఉండక తప్పదు. వానను నమ్ముకొన్న మెట్టసేద్యపు కుటుంబములలో ఒక పిల్లవాడు టైపులో లోయరు, హయ్యరు ప్యాసైతే, ఇంటికి నెలజీతం వస్తుందని ఆశ. ఎందరికో అన్నం పెట్టిన పనిముట్టు ఇది. నాగలికి, మగ్గానికి చెల్లే గౌరవం దీనికీ చెల్లుతుంది.

అమెరికాలో షోల్స్ అనే ఆయన రూపొందించిన యంత్రమును రెమింగ్టన్ కంపెనీ 1874లో అమ్మకానికి తెచ్చింది. చాలాకాలం టైపు మిషను అంటే బల్లమీద పెట్టి కదల్చరాని బరువే. 1912లో మడిచి పెట్టెలో పెట్టుకోదగిన కరోనా యంత్రం వచ్చింది. దానికి మూడు వరుసల మీటలే ఉండేవి. 1920లో వచ్చిన రెమింగ్టన్ పోర్టబుల్, పెద్ద యంత్రమునకు ఉన్నట్లే నాలుగు వరుసలతో చేతిపెట్టెలో ఇమిడింది. మన దేశంలో గోద్రెజ్ కంపెనీ 1955లో టైపు మిషనుల తయారీకి పూనుకొని, 2009లో విరమించింది. కనుక మన ఇండ్లలో మిగిలినవే మిగిలినవి.

కొన్ని సంవత్సరముల క్రిందట ఆత్మకూరులో ఒక వృద్ధురాలి ఇంట అటువంటి రెమింగ్టన్ పోర్టబుల్ ఉన్నదని తెలిసి వెళ్లాను. ఆమె భర్త అర్జీలు టైపు చేసి సంసారం నడిపినవారు. పాత ఇనుము కొనేవాడు అప్పటికే తూకం వేసి బేరం చెప్పిపోయినాడు. నేను అంతకు మూడింతలు ఇస్తానన్నాను. ఆమె ధర మాట ఎత్తలేదు. "ఇది మళ్లీ అచ్చు కొడుతుందా, నాయనా?" అని మాత్రం అడిగినది. "కొట్టిస్తానమ్మా" అన్నాను. ఆమె లోపలినుండి కార్బన్ నకళ్ల కట్ట ఒకటి తెచ్చి ఇచ్చినది. ప్రతి కాగితంలోను ఇంగ్లీషు ‘టి’ అక్షరం తక్కిన అక్షరములకంటె వెంట్రుకవాసి క్రిందికి దిగి ఉన్నది.

కొనునపుడు పరీక్షించవలసినవి ఇవి. మొదట కాగితమును మోసే క్యారేజి రెండువైపులకు సులువుగా కదులుతున్నదా? ప్రతి మీట కొట్టి చూడవలెను. కడ్డీ లేచి, తగిలి, తిరిగి తన చోటికి రావలెను. కొట్టినప్పుడెల్ల క్యారేజి ఒక్క అడుగు జరగవలెను. వరుస చివర గంట మ్రోగవలెను. రిబ్బను చుట్టే స్పూళ్లు రెండూ ఉన్నవో లేవో చూడవలెను. దుమ్ము, జిడ్డు దోషములు కావు. విరిగిన భాగము, పోయిన భాగము మాత్రమే నిజమైన దోషములు. కదలని క్యారేజిని చూచి నిరాశ పడనక్కరలేదు. దానిని లాగే స్ప్రింగు చుట్టకు కట్టిన దారం తెగి ఉంటే, సన్నని గట్టి త్రాడుతో మరల కట్టవచ్చును. కాని ఆ పనిలో స్ప్రింగు చుట్టను చేజార్చరాదు. జారితే ఒక్కసారిగా విప్పుకొని పాడవుతుంది.

ఇక శుభ్రపరచడం. ముందు మెత్తని కుంచెతో పొడి దుమ్మును దులపవలెను. మన పడమటి సీమ వేడికి, ఎర్రదుమ్ముకు పాత నూనె జిగురుగా మారి, టైపు కడ్డీలన్నీ కూడే అర్ధచంద్రాకారపు గాళ్లలో పేరుకొంటుంది. అక్షరములు అతుక్కుపోవడానికి సాధారణంగా కారణం అదే. రంగుల దుకాణంలో దొరికే మినరల్ టర్పెంటైనులో చిన్న కుంచెను తడిపి, ఆ గాళ్లను ఓపికగా కడగవలెను. ఇది మండే ద్రవం కనుక ఆరుబయట, నిప్పుకు దూరంగా ఈ పని చేయవలెను. కడిగిన పిదప అక్కడ నూనె వేయరాదు. వేస్తే నేటి సులువు రేపటి జిగురవుతుంది. క్యారేజి నడిచే పట్టాలకు మాత్రం సూదిమొనతో ఒక చుక్క చాలు. అక్షరపు గుండ్రములలో నిండిన సిరామట్టిని పాత పళ్ల కుంచెతో తీయవచ్చును. పైరంగును, బంగారు అక్షరములను ఘాటైన ద్రవములతో తుడవరాదు. పిండిన తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దవలెను. కార్తె వానలలో గాలి చెమ్మగా ఉంటుంది గనుక ఆ నెలలలో పెట్టెను అప్పుడప్పుడు తెరచి చూడవలెను.

కాగితం చుట్టుకొనే రబ్బరు రోలు ఏండ్లు గడిచేకొలది రాయివలె గట్టిపడుతుంది. అప్పుడు అక్షరం కాగితమును పొడుస్తుంది. కొత్త రబ్బరు తొడిగించడం ఒక మార్గం. లేదా వ్రాసే కాగితం వెనుక మరొక కాగితం ఉంచితే దెబ్బ మెత్తబడుతుంది. సేకరణలో ఉంచే యంత్రమునకు రెండవ మార్గమే మేలు. తొలినాటి భాగం తొలినాటిదిగానే నిలుస్తుంది.

నేను కొన్న యంత్రమునకు పెట్టె అడుగు చెక్క ఒక మూల చెదపట్టి ఉన్నది. చెంచాలు, గరిటెలు చెక్కే కొయ్యపనికి ఉదయగిరి పేరుపొందినది. దుర్గం కొండల కలపతో తరతరాలుగా ఆ పని చేసే కుటుంబములు అక్కడ ఉన్నవి. వారిలో ఒకరికి పెట్టె చూపి, అడుగు మొత్తం మార్చమన్నాను. ఆయన చెక్కను వ్రేలితో తట్టి చూచి, "చెడింది ఈ మూలే సార్, మంచి కొయ్య ఎందుకు తీసెయ్యాలి?" అన్నారు. మూడంగుళముల ముక్క మాత్రం చెక్కి, అతుకు తెలియునట్లుగానే పొదిగినారు. దాని వెనుక ఆ సంవత్సరమును పెన్సిలుతో వ్రాసి ఉంచినాను. పాత వస్తువుల మరమ్మతుకు ఇంతకంటె మంచి సూత్రం నేను ఏ గ్రంథంలోను చదువలేదు.

ఆ సూత్రమే ‘టి’ అక్షరం విషయంలోను దారి చూపినది. కడ్డీని పనితెలిసినవారు కొంచెం వంచితే ఆ అక్షరం వరుసలోనికి వస్తుంది. కాని ఏ రెండు యంత్రముల అరుగుదల, వంపు ఒక్కటిగా ఉండవు. కాగితం ఏ యంత్రమునుండి వచ్చినదో న్యాయస్థానములలో నిపుణులు ఇటువంటి లోపములను బట్టియే తేల్చేవారు. ఆత్మకూరు తల్లి ఇచ్చిన నకళ్లకు, ఈ యంత్రమునకు గల సంబంధమునకు సాక్ష్యం ఆ దిగిన ‘టి’ ఒక్కటే. దానిని సరిచేస్తే యంత్రం అందంగా వ్రాస్తుంది, కాని తన యజమానిని మరచిపోతుంది. కనుక దానిని ముట్టలేదు. కొత్త రిబ్బను ఎక్కించి ఆమె పేర ఒక ఉత్తరం కొట్టి పంపినాను. ‘టి’ అందులోను క్రిందికే దిగినది.

తెలుగు టైపు మిషనుల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. మన రాష్ట్రంలో 1966లో అధికార భాషా చట్టం వచ్చినది. తెలుగులో పాలన జరగాలంటే తెలుగులో టైపు చేసే యంత్రం ఉండవలెను. ఇంగ్లీషు కోసం పుట్టిన నాలుగు వరుసల మీటలపై గుణింతములు, వత్తులు గల మన లిపిని ఇమిడ్చడం సామాన్యమైన పని కాదు. కొన్ని గుర్తులు కొట్టినపుడు క్యారేజి కదలదు. ఆ తరువాత కొట్టే అక్షరం ఆ గుర్తుతో చేరి పూర్తి రూపం దాలుస్తుంది. ఏ గుర్తుకు ప్రత్యేకమైన మీట ఇచ్చినారో, దేనిని రెండింటి కలయికకు వదలినారో యంత్రమును చూస్తేనే తెలుస్తుంది. ఆ మీటలు ఊడదీసి అలంకారములకు అమ్మితే, మన లిపి చరిత్రలో ఒక పుట చిరిగినట్లే.

మీ ఇంట అటుకమీద ఇటువంటి పెట్టె ఉంటే, తూకానికి వేసే ముందు ఒకసారి తెరచి చూడండి. దానితో కొట్టిన కాగితములను వెదకి, దానితోనే ఉంచండి. ఎవరిదో, ఎక్కడ పనిచేసినదో ఒక చీటీ వ్రాసి పెట్టెలో వేయండి. ఆ చీటీతో కూడినప్పుడే అది సేకరణకు తగిన వస్తువు. మెరుగు పెట్టడం తరువాతి మాట.