పటంలో లేని పాఠం



వాననీటి కాలువను సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులు తరగతిలో పటం మీద గీస్తారు. పటంలో అది తిన్నగా సాగుతుంది. చెన్నైలోని పాత వీధిని తవ్వితే మంచినీటి గొట్టమో, విద్యుత్ కేబులో అడ్డుపడుతుంది. కాలువను పక్కకు జరపాలి. అయినా వాలు తప్పరాదు, తప్పితే నీరు నిలుస్తుంది. నీళ్లు నింపిన సన్నని గొట్టంతో మేస్త్రీ మట్టం చూసే తీరును, తెలియనిదానిని వెరవక అడిగే అలవాటును విద్యార్థులు అక్కడే నేర్చుకుంటారు. పారిశ్రామిక శిక్షణ ఇచ్చే అసలు ఫలం ఇదే.

రుసుము చెల్లించి, పని చేయకుండా తెచ్చుకున్న ధ్రువపత్రానికి ఈ ఫలం లేదు. ఉద్యోగపు ఇంటర్వ్యూలో “నీవేమి చేశావు?” అన్న ప్రశ్నకు కాగితం బదులు చెప్పలేదు.

చదువు ముగిసిన వారికీ దారి ఉంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం 1973 సవరణతో ఇంజనీరింగ్ పట్టభద్రులకు, డిప్లొమా వారికి వర్తించింది. ఈ శిక్షణలో నెలనెలా స్టైపెండ్ చెల్లించడం యాజమాన్యానికి చట్టం విధించిన బాధ్యత. ఈ శిక్షణను చూసే దక్షిణ ప్రాంతీయ మండలి చెన్నై తరమణిలోనే ఉంది.

వలస వచ్చి, మట్టి మోసి, ఇటుక పేర్చి పిల్లలను చదివించిన తెలుగు తల్లిదండ్రులు ఈ నగరంలో ఎందరో ఉన్నారు. శిక్షణకు సొమ్ము కట్టే ముందు వారు మూడు మాటలు అడగాలి: ఎక్కడ, ఎవరి పర్యవేక్షణలో, ఏ పని? జవాబు స్పష్టంగా లేనిచోట సొమ్ము కట్టరాదు.