పడమటి కర్నూలున చలికాలపు గాలులు: ముందుగా తెలిసికొను విధము

(ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల గ్రామ పంచాయతీ సభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



కార్తిక మాసము వచ్చిన దనిన మన ప్రాంతమున ప్రతి యింటికిని ఆకాశముతో పని పడును. నల్లరేగడి చేలలో శనగ మొలక లెత్తుచుండును. పత్తికాయ పగిలి చేను తెల్లబడుచుండును. ఎర్రనేలలలో పెరికిన వేరుశనగ చేతిలోనే కుప్పలుగా ఆరుచుండును. ఎమ్మిగనూరున నేతవారు పడుగునకు గంజి పట్టించి ఆరుబయట చాపుదురు. శనగ వేసినవానికి ఒక మంచి పదును కావలెను. పత్తి యేరువానికిని, పడుగు ఆరబెట్టువానికిని అదే వాన నష్టము. ఒకే ఊరిలో ఒకే మబ్బును చూచి ఒకరు చేతులు జోడింతురు, మరియొకరు తిట్టుదురు. వానను రప్పించుటయు, ఆపుటయు మన చేతిలో లేవు. కాని అది వచ్చు సంగతి రెండు దినములు ముందుగా తెలిసిన యెడల ఇరువురును తమ పని సవరించుకొనగలరు. ఈ నాడు ఆ విషయమునే మీతో ముచ్చటింపదలచితిమి.

ముందుగా మన యునికిని గూర్చి ఒక మాట. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, ఆలూరు ప్రాంతములు రెండు కొండల వరుసలకు నడుమ చిక్కుకొన్నవి. ముంగారు వానలు తెచ్చు నైరుతి గాలి పడమటి కనుమల మీద బరువు దించుకొని మన కడకు తేలికయై వచ్చును. హింగారు వానలు తెచ్చు ఈశాన్యపు గాలి బంగాళాఖాతమునుండి బయలుదేరి వెలికొండలు, నల్లమల, ఎర్రమల దాటి రావలెను. కొండ యెక్కునపుడు గాలి చల్లబడి నీటిని రాల్చును. దిగునపుడు ప్రతి 100 మీటర్లకు సుమారు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కి పొడిబారును. కావుననే నంద్యాలలో జల్లు పడిన నాడు ఆదోనిలో ఉత్త మబ్బు తిరుగుట కలదు. సంవత్సరమునకు 500 మొదలు 750 మిల్లీమీటర్ల వర్షము గల అల్పవర్షపాత మండలమున మనలను చేర్చుటకు ఇదియే హేతువు. 1876లో మొదలైన ధాత కరువున అప్పటి బళ్లారి, కర్నూలు జిల్లాలు ఎంత నాశనమైనవో పెద్దలు తరతరములుగా చెప్పుచునే వచ్చిరి. ఆదోని నాడు బళ్లారి జిల్లాలోనిది. 1953లో ఆంధ్ర రాష్ట్రమేర్పడినపుడు మన వైపునకు వచ్చినది.

ఆ కరువునకు ఒక యేడు ముందు, 1875లో, భారత వాతావరణ శాఖ స్థాపితమైనది. నాటికిని నేటికిని పోలికయే లేదు. 2024 అక్టోబరు 24న కేంద్ర పంచాయతీరాజ్ శాఖయు, వాతావరణ శాఖయు కలసి గ్రామ పంచాయతీల స్థాయిలో వాతావరణ సూచనలను ప్రారంభించినవి. ఉష్ణోగ్రత, వర్షము, గాలి, మేఘములు ఎట్లుండునో ఐదు దినముల ముందుమాట మీ పంచాయతీ పేరిటనే లభించును. ఈ-గ్రామ స్వరాజ్‌లోను, మేరీ పంచాయత్ అను ఫోను యాప్‌లోను దానిని చూడవచ్చును. సభ్యులలో ఒక్కరైనను దీనిని దినమునకొకసారి చూడవలెనని మా మనవి.

అయినను ఇందొక మెలిక కలదు. గణన యంత్రము భూమిని చదరములుగా విభజించి ఒక్కొక్క చదరమునకు లెక్క కట్టును. 2025 మే 26న ప్రారంభమైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో ఒక చదరము ప్రక్క 6 కిలోమీటర్లు. ప్రపంచమున ఇది మిక్కిలి సూక్ష్మమైన లెక్కలలో నొకటి. కాని మన రణమండల కొండ, కోటగుట్టలు ఆ చదరములో నొక మూలకు సరిపోవును. కొండకు తూర్పున ఉన్న ఊరికిని, పడమట ఉన్న ఊరికిని యంత్రము ఇంచుమించు ఒకే మాట చెప్పును. ఆ యిద్దరి అనుభవము మాత్రము వేరు. ఈ లోటును పూడ్చవలసినది ఊరివారి కన్నే.

కొండ దగ్గరి గాలి అబద్ధమాడునని చెప్పిన మీకు నవ్వు రావచ్చును. మే మొక యేడు ఒక గుట్టకు పడమటి పాదమున ఉన్న చిన్న గ్రామమున బస చేసియుంటిమి. మధ్యాహ్నము జెండా తూర్పునకు ఎగురుచుండెను. పడమటి గాలి, వాన రాదు పొమ్మని అందరును అనిరి. మేమును తల యూపితిమి. ఏరిన పత్తి ఆరుబయటనే ఉండిపోయినది. నడిరేయి దాటిన పిమ్మట జల్లు మొదలై తెల్లవారు వరకు విడువలేదు. పత్తి సంచులు కప్పుటకు ఊరంతయు చీకటిలో పరుగులు తీసినది. జరిగిన దేమనగా, అసలు గాలి తూర్పుదే. అది గుట్టను దాటి అవతల సుడి తిరిగి నేల మీద వెనుకకు మరలుచుండెను. ఏటి మధ్య బండ వెనుక నీరు ఎదురు తిరుగుట మీరు చూచియే యుందురు, ఇదియు నట్టిదే. మేము తల పైకెత్తి క్రింది వరుస మబ్బుల నడక చూచిన యెడల మోసపోకుందుము. అవి తూర్పునుండియే వచ్చుచుండెనని ఒక గొర్రెల కాపరి మరునాడు మాతో చెప్పెను. అడిగిన వారే లేకపోయిరి.

రాత్రివేళ మరియొక మోసము కలదు. ఆకాశము నిర్మలముగా ఉన్న చలిరాత్రి రాళ్లు త్వరగా చల్లబడి, వాని నంటిన గాలి బరువెక్కి నీటివలె వంకలలోనికి జారును. అందుచే కొండ క్రింది ఊరిలో ఉదయపు గాలి ఎప్పుడును కొండవైపునుండియే వచ్చినట్లు తోచును. పొగ పైకి పోక పరచినట్లు నిలుచుటయు దీనివలననే. కావున గాలిని పొద్దెక్కిన తరువాత, 10 గంటలు దాటిన పిమ్మట, గుట్టకు దూరముగా బయలు చేనిలో చూడవలెను. మబ్బున్న దినమున మబ్బునే నమ్మవలెను.

దిక్కు తెలిసిన తరువాత దానితో ఏమి చేయవలెను? హాలెండు దేశపు శాస్త్రజ్ఞుడు బైస్ బాలట్ 1857లో ఒక సూత్రము చెప్పెను. మన యుత్తరార్ధగోళమున గాలికి వీపు పెట్టి నిలిచిన యెడల అల్పపీడనము ఎడమచేతి వైపున ఉండును. కార్తికమున ఉత్తరపు గాలి నిలకడగా వీచునపుడు దానికి వీపు పెట్టి నిలువుడు. ఎడమచేయి తూర్పును, అనగా సముద్రమును చూపును. అచట వాయుగుండమున్నదేమో నని రేడియో వినవలసిన దినమది.

అటు పిమ్మట గాలి ఏ వైపు తిరుగునో కనిపెట్టవలెను. ఉత్తరమునుండి ఈశాన్యమునకు, అచటినుండి తూర్పునకు తిరిగిన యెడల గుండము మనకు దక్షిణముగా పోవుచున్నదని యర్థము. 2022 డిసెంబరు 9 రాత్రి మహాబలిపురము దగ్గర తీరము దాటిన మాండౌస్ తుపాను అట్టి దారిలోనిది. అప్పుడు సముద్రపు తేమ మన వైపునకు త్రోయబడును. పత్తి, వేరుశనగ లోపల చేర్చుకొనవలెను. ఉత్తరమునుండి వాయవ్యమునకు, పడమరకు తిరిగినచో గుండము మనకు ఉత్తరముగా పోవుచున్నది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరము దాటిన మిగ్‌జాం తుపాను అట్టిది. అట్టి వేళ మన మీదికి భూమి మీది గాలియే వచ్చును గనుక వాన తక్కువగుటకు అవకాశము హెచ్చు. ఇది అవకాశమే గాని హామీ కాదు. తుపాను పెద్దదైన యెడల దాని మేఘము దారితో నిమిత్తము లేకయే మనలను కప్పును. మరియు గాలి బలహీనముగా ఉన్న నాడు ఈ సూత్రము పనికిరాదు.

బలము తెలియుటకు యంత్రము అక్కరలేదు. బ్రిటిషు నౌకాధికారి బోఫోర్ట్ 1805లో కూర్చిన కొలత మన వీధిలోనే ఉన్నది. పొగ మాత్రమే వాలి, ఆకు కదలనిచో గంటకు 5 కిలోమీటర్లకు లోపు. వేపాకు గలగల లాడి ముఖమునకు తగిలినచో 6 మొదలు 11. చిరుకొమ్మలు ఎడతెగక కదలి, పలుచని జెండా చాచుకొని నిలిచినచో 12 మొదలు 19. దుమ్ము, కాగితములు లేచినచో 20 దాటినది. మూడవ మెట్టు వచ్చు వరకు దిక్కును గూర్చి వాదులాడవలదు.

మంచును గూర్చి కూడ చెప్పవలెను. తెల్లవారి గరిక మీద మంచు దట్టముగా నున్న యెడల రాత్రి ఆకాశము నిర్మలము, గాలి నిశ్చలము అని తెలియును. ఆనాడు పడుగు చాపవచ్చును. వారము దినములు మంచు పడి హఠాత్తుగా ఒకనాడు గరిక పొడిగా ఉన్న యెడల పైన మబ్బు గాని, గాలి గాని చేరినది. శనగ పూతమీద నున్నపుడు ఈ మార్పును కనిపెట్టవలెను. ముసురు పట్టిన దినములలో కాయతొలుచు పురుగు ఉద్ధృతమగును. పత్తి సంగతి మీకు తెలిసినదే. తేమ 8 శాతము దాటిన కొలది ధర తగ్గును, 12 దాటిన ప్రభుత్వ కొనుగోలున తీసికొనరు. ఆదోని యార్డు వాకిట ఇది విని తిరిగి వచ్చిన బండ్లెన్ని!

కార్తెలను విడువుమని మేము చెప్పుట లేదు. స్వాతి అక్టోబరు 24 ప్రాంతమున, విశాఖ నవంబరు 6 ప్రాంతమున వచ్చును. సూర్యుని నడకను బట్టి ఏర్పడినవి గనుక ఋతువును చక్కగా తెలుపును. విత్తుటకు అదను చెప్పును. ఈ యేటి స్వాతిలో వాన పడునా యనుటకు మాత్రము కార్తె వద్ద జవాబు లేదు.

వార్తలలోని మాటలకు అర్థము నిర్ణయమై యున్నది. ఇది చాలమందికి తెలియదు. ‘ఒకటి రెండు చోట్ల’ వాన యనగా ఆ ప్రాంతపు వర్షమాపక కేంద్రములలో నాలుగవ వంతునకు మించనిచోట్ల. ‘భారీ వర్షము’ అనగా 24 గంటలలో 64.5 మిల్లీమీటర్లు మొదలుకొని. పసుపు రంగు గమనించుమని, నారింజ సిద్ధపడుమని, ఎరుపు వెంటనే కదలుమని చెప్పును. ‘ఒకటి రెండు చోట్ల’ అనినపుడు మన ఊరిలో పడనంతమాత్రమున సూచన తప్పినదని తిట్టుట న్యాయము కాదు.

ఎరుపును తేలికగా తీసికొన్నచో ఏమగునో ఎమ్మిగనూరు వారికి చెప్ప నక్కరలేదు. 2009 అక్టోబరు మొదటి దినములలో తుంగభద్ర పొంగి మంత్రాలయము నీట మునిగినది. కర్నూలు నగరము మునిగినది. నదీతీరపు ఊళ్లకు తమ ఆకాశముకంటె ఎగువ ఆకాశమే ముఖ్యము. ఎండ కాయుచుండగనే వరద రావచ్చును.

ఇక పంచాయతీ చేయవలసినది. కార్యాలయపు గోడకు ఒక నల్లబల్ల వ్రేలాడదీయుడు. ఉదయము 8.30కు వాన కొలత, మంచు ఉన్నదో లేదో. 10 గంటల తరువాత గాలి దిక్కు, బలము, మబ్బు వచ్చు దిక్కు. ప్రక్కన ఆ దినపు ప్రభుత్వ సూచన. బడిపిల్లలకు ఈ పని అప్పగించిన ఒక్క నాడును తప్పరు. రాత్రి గాలిని గూర్చి మాత్రము గొర్రెల కాపరులనే అడుగుడు. చేలలో పండుకొనువారు వారే. రెండు చలికాలములు వ్రాసి యుంచినచో, సూచన ఏ గాలికి మీ ఊరిలో నిజమగుచున్నదో, ఏ గాలికి కొండ అడ్డము వచ్చుచున్నదో మీ పుస్తకమే చూపును. బల్లమీది గాలి దిక్కును కార్యాలయపు ముంగిట నిలిచి వ్రాయవలదు. చాల ఊళ్లలో ఆ కట్టడము గుట్ట ప్రక్కనే యున్నది.