ముండ్లదారికి తగిన సైకిలు



ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. నన్ను వ్యాకరణమును గూర్చి మాటలాడుమనిన వింత లేదు. సైకిలును గూర్చి మాటలాడుట మీకు వింతగా తోచవచ్చును. కాని గడచిన యేడాది నేను సంధిసమాసములకంటె చక్రములను గూర్చియే యెక్కువ యోచించితిని. అందులకు కారణమైన సంగతిని మొదట విన్నవించెదను.

మాది కడప జిల్లా పులివెందుల ప్రాంతమందలి తుమ్మలపల్లె. ఈ పేరు వినగానే 2012లో ప్రారంభమైన యురేనియము గని మీకు జ్ఞప్తికి రావచ్చును. నేటి ప్రసంగమునకు ఆ గనితో పనిలేదు. ఊరి పేరులోనున్న తుమ్మతోనే పని. మా పొలముల దారులలో ఎండిన తుమ్మముల్లు లేని బారెడు నేల దొరకదు. ముల్లు తప్పినచో పల్లేరుకాయ, అదియు తప్పినచో సున్నపురాతి మొనలు. వాన కురిసెనా, నల్లరేగడి కాలికిని చక్రమునకును సమానముగా అంటుకొనును.

ఈ దారులలో 1985 మొదలుకొని నాకు ఒక్కటే వాహనము. నల్లరంగు, 28 అంగుళముల చక్రములు, కడ్డీ బ్రేకులు గల పాత సైకిలు. బడికి అదే, చేనికి అదే, పొరుగూరి పెండ్లిండ్లకును అదే. గత వానకాలమున ఒకనాడు మనుమని వెనుక కూర్చుండబెట్టుకొని చేనినుండి వచ్చుచుంటిని. దారిలో వంకలోనికి దిగు వాలు కలదు. చినుకులు పడుచుండెను. బ్రేకు పట్టితిని, అది పట్టలేదు. ఉక్కు రిమ్ము తడిసినయెడల రబ్బరు ముక్క దానిపై జారునేగాని నిలువదు. ఈ సంగతి నేను నలువదేండ్లుగా ఎఱుగుదును. ఎఱిగియు పిల్లవానిని ఎక్కించుకొంటిని. ఇద్దఱమును రాళ్ళపై పడితిమి. నాకు మోచేయి చీరుకొనెను. వానికి ముంజేతి యెముక విఱిగెను. ఆఱు వారములు కట్టుతో నుండెను. వాడు నన్నేమియు అనలేదు. వాని తల్లి, అనగా మా అమ్మాయి, "నాయనా, ఇంక నువ్వు సైకిలు ముట్టొద్దు" అని ఒక్క మాట అని, దానిని పశువుల కొట్టములో పెట్టించి తాళము వేసినది.

నా చేను ఊరికి ఐదు కిలోమీటర్లు. సైకిలు లేనిచో ఒకరి మోటారుసైకిలు వెనుక కూర్చుండి పోవుటయే. వారికి తీరికయైనపుడు పోవలెను, వారికి తీరికయైనపుడు రావలెను. అరువది దాటినవానికి ఇది యెట్టి బాధయో మీలో అనుభవించినవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు.

అమెరికాలో డల్లాసు నగరముననున్న మా అబ్బాయికి ఈ సంగతి తెలిసినది. వాడు ఫోనులో, "నాయనా, అక్క మాటకు నొచ్చుకోవద్దు. నీకు నేనొక సైకిలు పంపిస్తా. టైటానియం ఫ్రేము, ఒకటే గేరు, ఇరవై తొమ్మిది అంగుళాల చక్రాలు. కొండల్లో తొక్కేదానికి చేసింది. ఇక్కడ నేను తొక్కేది అదే" అనెను. వాడు చెప్పిన గుణములు మూడు. ముందుగా ఒప్పుకొనుటయు, ముందుగా త్రోసిపుచ్చుటయు పండితలక్షణము కాదు గనుక, ఒక్కొక్కదానిని విచారింప మొదలిడితిని.

ఒక్క గేరు మాట వినగానే నాకు నవ్వు వచ్చినది. మన పాత సైకిళ్ళకు ఎన్ని గేర్లుండెను? కొండసైకిలు పుట్టుకయు అట్టిదియే. 1970ల నాటి సంగతి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమునందలి మారిన్ ప్రాంతమున కొందఱు యువకులు మూలబడిన లావు టైర్ల పాత సైకిళ్ళను కొండపైకి చేర్చి, మట్టిదారిని క్రిందికి పరుగెత్తించెడివారు. తొలుత వానికి గేర్లు లేవు. పెడలును వెనుకకు త్రొక్కిన పట్టుకొను బ్రేకు వెనుక చక్రపు ఇరుసులో నుండెడిది. ఒక్కసారి కొండ దిగునప్పటికి ఆ వేడికి ఇరుసులోని గ్రీజు పొగయై పోయెడిది; మరల నింపవలసి వచ్చెడిది. అందువలననే ఆ దారికి, మరల కూరుట అను నర్థమున, రీప్యాక్ అని పేరు వచ్చెను. 1976లో అచ్చట పందెములు మొదలైనవి. మఱుసటి యేట జో బ్రీజ్ అనునతడు ఆ పనికే ప్రత్యేకముగ ఫ్రేమును నిర్మించెను. వారిని కూడ బ్రేకులే వేధించినవని తెలిసినపుడు నాకు కొంత యూరట కలిగినదని ఒప్పుకొందును.

గేర్లుగల సైకిలునకు వెనుక చక్రము ప్రక్కన చైనును అటునిటు త్రోయు చిన్న యంత్రము వ్రేలాడుచుండును. మా దారిలో పత్తికట్టెగాని తుమ్మకొమ్మగాని దానిలో చిక్కుకొనిన, అది వంగి చువ్వలలో పడును. రేగడి పట్టినచో చైను తన పంటిపై నిలువదు. కావున ఒక్క గేరే మేలు. కాని ఆ ఒక్కటి యేది? ఇచ్చట లెక్క కావలెను. నా పాత సైకిలునకు ముందు చక్రమునకు 44 పండ్లు, వెనుక ఫ్రీవీలునకు 18. పెడలు ఒక్క చుట్టు తిరిగిన బండి దాదాపు 18 అడుగులు పోవును. చదును దారిలో అది సుఖము. వంక గట్టు ఎక్కునపుడు మోకాలికి శిక్ష. కొండసైకిలు వారు ముందు 32, వెనుక 20 పండ్లు పెట్టుకొందురట. 29 అంగుళముల చక్రమునకు అది ఒక్క చుట్టునకు 12 అడుగులు. ఎక్కుట సుఖమేగాని, చదునుదారిలో కాళ్ళు కవ్వమువలె తిరుగవలసివచ్చును. నాకు ఈ రెంటికిని నడుమ నొకటి కావలసియుండెను.

పిమ్మట చక్రములు. వీనిని గూర్చి ఒక వింత తెలిసినది. కొత్తదగు 29 అంగుళముల చక్రము మన 28 అంగుళముల దానికంటె పెద్దదని యెవరైనను తలంతురు. రిమ్మును కొలిచిన అట్లు కాదు. టైరు కూర్చుండు చోట మన పాత రిమ్ము అడ్డుకొలత 635 మిల్లీమీటర్లు. కొత్తది 622 మాత్రమే. అనగా కొత్తది అర అంగుళము చిన్నది! టైరు రెండంగుళములకు పైబడిన లావుండుటచేత మొత్తముమీద 29 అయినది. కావున ఒకదాని టైరు వేఱొకదానికి పట్టదు. కొనునపుడు పేరును నమ్మక, టైరు ప్రక్కన అచ్చువేసిన అంకెను చదువుకొనుడు.

కొండసైకిళ్ళకు చిరకాలము 26 అంగుళముల చక్రములే యుండినవి; మొదటి పాత సైకిళ్ళ టైర్లు ఆ కొలతవి గనుక. దారిలో మూడంగుళముల రాయి అడ్డమైన, 26 అంగుళముల చక్రమునకు దానిని దాటుట 40 డిగ్రీల వాలు ఎక్కుటతో సమానము. 29 అంగుళముల దానికి 37½ డిగ్రీలు. భేదము స్వల్పమే, కాని రాయి వెంట రాయి వచ్చు దారిలో ఆ స్వల్పమే నడుమునకు తెలియును. ఇంతకును 28 త్రొక్కిన నాకు కొత్తగా లభించునది చక్రపు పెద్దఱికము కాదు, టైరు లావు. లావు టైరులో చదరపు అంగుళమునకు 35 పౌండ్ల గాలి చాలును. అది రాతిపై ఎగిరిపడక, రాతిని కొంత తనలో ఇముడ్చుకొని పోవును.

ఇక టైటానియము. 1791లో ఇంగ్లండు దేశమున గ్రెగర్ అను క్రైస్తవ మతాచార్యుడు నల్లయిసుకలో దీని జాడను కనుగొనెను. 1795లో జర్మనీ రసాయనజ్ఞుడు క్లాప్రోత్ గ్రీకు పురాణములలోని టైటానుల పేర దీనికి నామకరణము చేసెను. ఆ టైటానులు గ్రీకు దేవతలకు ముందుతరమువారు. పేరుకు తగిన మొండితనము ఈ లోహమునకు కలదు. ఇది అరుదైనదని తలంతుము. కాని భూమి పైపొరలోని మూలకములలో పరిమాణమున తొమ్మిదవది. భీమునిపట్నము తీరమందలి నల్లయిసుకలో దీని ఖనిజమగు ఇల్మనైటు కలదు. ఖరీదు వచ్చునది వేఱుచేయుటలోనే. ఇనుమును బొగ్గుతో కాల్చి తీసినట్లు దీనిని తీయుటకు వీలులేదు. క్లోరినుతో కలిపి ద్రవముగా మార్చి, ఆ ద్రవమును మెగ్నీషియముతో కలిపి కాచిన తరువాత స్పంజివంటి లోహము మిగులును. ఈ పద్ధతిపై క్రోల్ అను శాస్త్రజ్ఞుడు 1940లో అమెరికాలో హక్కుపత్రము పొందెను. మన దేశమున కేరళలోని చవరలో 2011లో ఇట్టి కర్మాగారము నెలకొన్నది. దానికి వలసిన విద్యను సమకూర్చినవారిలో హైదరాబాదునందలి రక్షణ లోహ పరిశోధనశాల ముఖ్యమైనది. ఆ నగరముననే 1973లో స్థాపింపబడిన మిశ్రధాతు నిగమ్ ఈ లోహమును విమానములకును రాకెట్లకును తగినట్లు మలచుచున్నది.

దీని గుణములు నిజమైనవే. నీటికంటె ఉక్కు 7.8 రెట్లు బరువైన, ఇది 4.5 రెట్లే. తుప్పు పట్టదు, పైన సన్నని పొర యొకటి తానే ఏర్పడి, గీచినను మరల మూసికొనును. శరీరములోనున్నను చెడదు గనుకనే విఱిగిన యెముకలకు దీని పలకలు వేయుదురు. మా ఊరిలో ఒక పెద్దమనిషి తొడలో అట్టి పలక కలదు. టైటానియము మా ఊరికి సైకిలై రాకమునుపే ఎముకయై వచ్చినది!

పులివెందులలో నా సైకిలును ముప్పదియేండ్లుగా చూచుచున్న మేస్త్రితో ఈ మాట చెప్పితిని. అతడు చేయి తుడుచుకొని, "అయివారూ, ఇనుముదైతే విరిగినా అతుకుతా. దాన్ని ఎత్తుకొని యాడికి పోతారు?" అనెను. ఆ ప్రశ్నలో శాస్త్రమున్నది. టైటానియము ఎఱ్ఱగా కాగినపుడు గాలిలోని ప్రాణవాయువును, నత్రజనిని పీల్చుకొని పెళుసెక్కును. దానిని ఆర్గాను వాయువు కప్పియుంచి అతుకవలెను. వీథిలోని వెల్డింగు అంగడిలో అది జరుగదు. మఱియు తుప్పు మాకు గొప్ప శత్రువు కాదు. ఉప్పుగాలి వీచు భీమునిపట్నమువానికి ఈ లోహము వరము. వానకొఱకు ఆకాశము చూచు మా సీమలో చుక్క నూనెయు గుడ్డపేలికయు చాలును. అట్టి ఫ్రేమొక్కటియే సామాన్యముగ లక్ష రూపాయలకు పైమాట. బరువు తేడా మాత్రము ఉన్నది. ఉక్కు సైకిలుకంటె ఆఱేడు కిలోలు తేలిక. వంకలో నీరు పాఱునపుడు భుజముపై మోయవలసిన ముసలివానికి ఆఱు కిలోలు కొద్ది కాదు. ఈ ఒక్కచో నేను చాల తడవు తటపటాయించితిని.

తుదకు అబ్బాయితో, "ఒరే, నన్ను పడవేసినది ఇనుము కాదురా, బ్రేకు. ఆ లోహమునకిచ్చు డబ్బుతో నా చేయి పట్టుకొనువాడు దొరకడు" అంటిని. వాడు కొంతసేపు మాటలాడలేదు. దూరముననున్న బిడ్డకు తండ్రికేదైన చేయవలెనని యుండును. వద్దనుట నాకును కష్టముగనే యుండెను. "అయితే నువ్వు కోరింది నేనే కొనిస్తా" అనెను. దానికి ఒప్పుకొంటిని.

మన దేశమున తయారగు వానిలో ఉక్కు ఫ్రేము, ఒక్క గేరు, 29 అంగుళముల చక్రములు, ముందువెనుకల డిస్కు బ్రేకులు గల సైకిళ్ళు ఇప్పుడు కలవు. పదిపండ్రెండు వేలలో ఒకటి దొరకినది. డిస్కు బ్రేకు రిమ్మును పట్టదు. ఇరుసునకు బిగించిన ఉక్కుబిళ్ళను పట్టును, గనుక తడిలోను నిలుచును. వాలు దిగిన వెంటనే ఆ బిళ్ళను ముట్టరాదు, చేయి కాలును. ముందు 42, వెనుక 18 పండ్లతో వచ్చినది. మేస్త్రి వెనుక 22 పండ్ల ఫ్రీవీలు వేసి, చైనునకు రెండు లంకెలు చేర్చెను. ఇప్పుడు ఒక్క చుట్టునకు పదునాలుగున్నర అడుగులు. ముండ్లకొఱకు ట్యూబులలో జిగురుద్రవము పోసితిమి. వాల్వు మోటారుసైకిలు మాదిరిది అయిన అది పోయ వీలగును, కొన్ని నెలలకు ఎండిపోవును గనుక మరల పోయవలెను. మడ్‌గార్డునకును టైరునకును నడుమ రెండు వ్రేళ్ళ సందు ఉంచుకొంటిని. లేనిచో రేగడి నిండి చక్రము నిలిచిపోవును. చైనుకు పూర్తి కప్పు లేదు. పంచె కట్టువారు కుడికాలికి పట్టీ వేసికొనవలెను. ఈ సంగతి నేను ఒక పంచె చిరిగిన తరువాత తెలిసికొంటిని.

అమ్మాయి అంతటితో ఒప్పుకొనలేదు. వంక వాలుపై రెండు బిందెల నీళ్ళు పోయించి, వెనుక మనుమనికి బదులు ఇరువది కిలోల వేరుసెనగ మూటను త్రాటితో కట్టించి, నన్ను దిగుమన్నది. మూడుసార్లు దిగితిని. మూడుమార్లును ఆమె గీచిన గీతకు ఇవతలనే నిలిచినది. నాలుగవసారి దిగుమనలేదు.

ఇప్పుడు దినమును చేనికి పోయివచ్చుచున్నాను. గట్టు ఎక్కునపుడు చివరి నలువది అడుగులు దిగి నడచుచున్నాను. మనుమని చేయి బాగుగనే యున్నది. కొత్త సైకిలునకు క్యారియరు లేదు. బిగింపుమని వాడు రోజును అడుగుచున్నాడు. వాని తల్లి ఇంకను ఔననలేదు, కాదనలేదు.

సెలవు.