పానెల్ ముందు కూర్చునే మనిషి

 

ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది మరికొద్ది నెలల్లో ఏదో ఒక తెర ముందు కూర్చోబోతున్నారు. కెమికల్, మెకానికల్ చదివినవాళ్లు పరవాడ, అచ్యుతాపురం, పాశమైలారం లాంటి చోట్ల కంట్రోల్ రూముల్లో. కంప్యూటర్ సైన్స్ వాళ్లు హైదరాబాదులోనో బెంగళూరులోనో. కొందరు బ్యాంకు కౌంటర్లలో, కొందరు గోదాముల్లో. యంత్రాలొస్తే ఉద్యోగాలు పోతాయా అన్న చర్చ మీరు కాలేజీలో చేరిన రోజునుంచీ వింటున్నారు. నేను ఆ లెక్కల జోలికి పోను. ఉద్యోగం పోకుండా మిగిలిన మనిషి గురించి మాట్లాడతాను. రోజూ తాను చేసే పని యంత్రం చేసుకుపోతుంటే, పక్కన కూర్చుని చూస్తున్న ఆ మనిషి నేర్పు ఏమవుతుంది? ఆలోచన ఏమవుతుంది? నా ఉద్యోగమంతా ప్రాసెస్ ప్లాంట్లలోనే గడిచింది కాబట్టి ముందు ఒక ప్లాంటు సంగతే చెబుతాను.

1979 మార్చి 28, తెల్లవారుజామున నాలుగు గంటల వేళ. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్ కేంద్రం, రెండో యూనిట్. ఫీడ్ వాటర్ పంపులు ఆగిపోయాయి. రియాక్టర్ దానంతటదే ట్రిప్ అయింది. ఒత్తిడి పెరిగితే తెరుచుకోవాల్సిన రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంది. అంతవరకు అన్నీ సక్రమంగానే జరిగాయి. ఒత్తిడి దిగాక ఆ వాల్వ్ మూసుకోవాలి. మూసుకోలేదు. పానెల్ మీద దాని దీపం మాత్రం ఆరిపోయింది. మూసుకోమని ఆదేశం వెళ్లిందని చెప్పడానికే ఆ దీపాన్ని పెట్టారు. వాల్వ్ నిజంగా మూసుకుందో లేదో చెప్పే దీపం పానెల్ మీద లేనే లేదు. ఆపరేటర్లు ఉన్న దీపాన్ని నమ్మారు.

ఇక చూడండి. వందకు పైగా అలారాలు ఒక్కపెట్టున వచ్చిపడ్డాయి. ప్రెషరైజర్‌లో నీటిమట్టం ఎక్కువ చూపిస్తోంది. అది పూర్తిగా నిండిపోకూడదని వాళ్లకు శిక్షణలో నూరిపోశారు. అందుకని, దానంతటదే మొదలైన ఎమర్జెన్సీ కూలింగ్ నీటిని చేత్తో తగ్గించేశారు. లోపలి నీళ్లేమో తెరిచి ఉన్న వాల్వ్ గుండా పోతూనే ఉన్నాయి. ఆ వాల్వ్ తర్వాతి గొట్టం వేడెక్కిందని రీడింగ్ చెబుతూనే ఉంది. కానీ వాల్వ్ అంతకుముందునుంచే కొద్దికొద్దిగా లీకవుతుండేది, ఆ వేడి వాళ్లకు మామూలైపోయింది. రెండు గంటలు దాటాక, తర్వాత డ్యూటీకి వచ్చిన ఒకాయన అనుమానపడితే అప్పుడు ఆ దారిని అడ్డగించే బ్లాక్ వాల్వ్ మూశారు. ఆలోపే కోర్ పైభాగం నీళ్లలోంచి బయటపడింది. దాదాపు సగం కోర్ కరిగిపోయిందని తర్వాత ఏళ్లకు తేలింది. విచారణ జరిపిన కెమెనీ కమిషన్ ఆపరేటర్ల తప్పులు చెప్పి ఊరుకోలేదు. వాళ్లకిచ్చిన శిక్షణను, కంట్రోల్ రూమ్ అమరికను, అలాంటి ఘటనే మరో ప్లాంటులో జరిగినా వీళ్ల దాకా ఆ సంగతి చేరనివ్వని వ్యవస్థను గట్టిగా తప్పుపట్టింది.

ఇది చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి, "మనిషి వేలు పెట్టకుండా యంత్రానికే వదిలేస్తే సరిపోయేది కదా సార్" అంటారు. ఆ రోజుకు ఆ మాట నిజమే. కూలింగ్ తగ్గించకపోయుంటే గండం గడిచేది. కానీ ఆ వాల్వ్ మొరాయించిందని కనిపెట్టి మూయించింది కూడా మనిషే. అది మొరాయించిందని చెప్పడానికి పానెల్ మీద ఏ దీపమూ లేదు. అందుకు ప్లాంటు లోపల ఏం జరుగుతోందో బుర్రలో బొమ్మ కట్టగలగాలి. ఆ బొమ్మ ఎక్కడినుంచి వస్తుందన్నదే ఇవాళ నేను మాట్లాడదలచుకున్న విషయం.

1983లో లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త ‘ఆటోమాటికా’ అనే పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. మీ పాఠాల్లో ఉందో లేదో తెలియదు, ప్రతి ఇంజనీరూ చదవాల్సిన వ్యాసం. ఆవిడ వాదన నా మాటల్లో ఇదీ: మనిషి తప్పులు చేస్తాడని డిజైనర్ అతని చేతిలోంచి పని తీసేస్తాడు. ఎలా తీయాలో తనకు తోచని పనిని మాత్రం అతనికే వదిలేస్తాడు. అలా మిగిలేవి రెండే. యంత్రాన్ని కనిపెట్టుకుని ఉండటం ఒకటి, అది చేతులెత్తేసినప్పుడు అందుకోవడం ఇంకొకటి. ఏమీ జరగని తెరను గంటల తరబడి చూస్తూ ఉండటం మనిషి వల్ల అయ్యే పని కాదు. ఇక చేతులెత్తేసే రోజంటారా, అది అన్నీ ఒకేసారి చెడిన రోజే అయి ఉంటుంది. నిత్యం చేయని పనిని ఆ రోజున అందరికన్నా బాగా చేయాలి. ఆవిడ ఇంకో మాట కూడా అన్నారు. ఇప్పుడు ఆటోమేటిక్ ప్లాంట్లను కాస్తున్నవాళ్లు ఒకప్పుడు వాటిని చేత్తో నడిపినవాళ్లు, ఆ పాత నేర్పుతోనే నెట్టుకొస్తున్నారు, తర్వాతి తరానికి అది ఉండదు అని. ఆ తర్వాతి తరం మీరు.

నేను చేరిన రోజుల్లో బాయిలర్ హౌస్‌లో గంటకోసారి రీడింగులు రాసేవాళ్లం. లాగ్ షీటులో ఫీడ్ పంపు బేరింగ్ టెంపరేచర్ గడి ఒకటుంటుంది. 58, 58, 59, 61, 64 అని రాసుకుంటూ వచ్చిన చెయ్యి అక్కడ ఆగేది. అలారం ఏదీ రాలేదు, అది ఇంకా చాలా పైన ఉంది. కానీ రాసే చేతికి తేడా తెలిసిపోయేది. ఆపరేటర్ లేచి పంపు దగ్గరికి వెళ్లి, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను బేరింగ్ హౌసింగ్ మీద పెట్టి, పిడిని చెవికి ఆనించుకుని వినేవాడు. నిలకడగా వచ్చే హోరు ఒకలా ఉంటుంది, మధ్యమధ్య గరగరమనేది ఒకలా ఉంటుంది. తర్వాత చేతి వెనకభాగంతో తాకి చూసేవాడు. గ్రీజు చాలక వేడెక్కుతోందా, అలైన్‌మెంట్ తప్పిందా, సక్షన్‌లో నీళ్లు సరిగా అందడం లేదా అని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చేవాడు. చివరికి స్టాండ్‌బై పంపు స్టార్ట్ చేసి దీన్ని ఆపేవాడు. ఇంత జరిగాక లాగ్ షీటులో పడేది ఒక్క ముక్క: బి పంపు ఆపి ఎ పంపు పెట్టాం.

ఇప్పుడు ఆ రీడింగులు సెకను సెకనుకూ వాటంతటవే నమోదవుతున్నాయి. మా కాగితం కన్నా ఎంతో మెరుగైన సమాచారం, అందులో సందేహం లేదు. ట్రెండ్ తెరిస్తే 58 నుంచి 64 దాకా ఎక్కిన గీత శుభ్రంగా కనిపిస్తుంది. తెరవాలన్న ఆలోచన ఎవరికి రావాలి? అలారం రాలేదంటే అంతా బాగున్నట్టే అని కొత్తగా చేరిన కుర్రవాడు అనుకుంటాడు. అతనికి ఆ పంపు తెరమీద ఆకుపచ్చగా వెలిగే ఒక గుర్తు. దాని చప్పుడు వినలేదు, దాని వేడి తాకలేదు. అతని తెలివికి లోటేం లేదు. తెలుసుకునే దారి మనమే మూసేశాం. రీడింగులు రాయడం విసుగు పని అని తీసేసినప్పుడు, ఆ విసుగు పని చేస్తూ చేస్తూనే అతనికి ప్లాంటు వంటబట్టేదన్న సంగతి మనం పట్టించుకోలేదు. దాని బదులు ఇంకోటి ఏర్పాటు చేయలేదు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

ఇది ప్లాంట్లకే పరిమితం కాదు. 2009 జూన్ 1న రియో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానంలో వేగం కొలిచే గొట్టాల్లో మంచు పేరుకుని రీడింగులు తప్పాయి, ఆటోపైలట్ తప్పుకుంది. విమానం మాత్రం బాగానే ఉంది. అంత ఎత్తులో చేత్తో నడిపే శిక్షణ లేని పైలట్లు ముక్కు పైకెత్తి పట్టుకున్నారు. ఐదు నిమిషాలు తిరక్కుండానే సముద్రంలో పడింది, 228 మంది పోయారు. పైలట్లు అవకాశం ఉన్నప్పుడల్లా చేత్తో నడిపేలా చూడండని 2013లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ కంపెనీలకు చెప్పాల్సి వచ్చింది. వైద్యంలో చూడండి. పోలండ్‌లో పెద్దపేగు పరీక్షలు చేసే వైద్యులకు గడ్డలను గుర్తుపట్టే కృత్రిమ మేధ సాయం ఇచ్చారు. కొన్నాళ్లకు, ఆ సాయం లేకుండా చేసిన పరీక్షల్లో వాళ్లు గడ్డలు కనిపెట్టిన రేటు 28.4 శాతం నుంచి 22.4 శాతానికి పడిపోయిందని 2025లో లాన్సెట్ వారి పత్రికలో వచ్చింది. వాళ్లు కొత్తవాళ్లేం కాదు, ఒక్కొక్కరూ అప్పటికే 2,000కు పైగా పరీక్షలు చేసినవాళ్లు. ఒక్క అధ్యయనంతో తీర్పు చెప్పేయకూడదు. కానీ కొట్టిపారేయలేను.

నేర్పు పోవడం ఒక ఎత్తు. నేర్పు ఉన్నా దాన్ని వాడనివ్వకపోవడం ఇంకో ఎత్తు. మన రేషన్ షాపుకు రండి. ఈ-పోస్ మిషన్ వచ్చాక దొంగ లెక్కలకు కొంత అడ్డుకట్ట పడింది, నేను దాన్ని కాదనను. కానీ నాట్లు వేసి, ఇటుకలు మోసి, అంట్లు తోమి వేలిరేఖలు అరిగిపోయిన ముసలమ్మ మిషన్ మీద వేలు పెడుతుంది. పడదు. చీర చెంగుకు తుడుచుకుని మళ్లీ పెడుతుంది. పడదు. డీలరు చూస్తుంటాడు. ఆమె ఎవరో అతనికి తెలుసు, ఆమె పెళ్లి భోజనం చేసినవాళ్లు ఆ క్యూలోనే ఉంటారు. అయినా "మిషన్ తీసుకోవడం లేదమ్మా, రేపు రా" అనడం తప్ప అతను చేయగలిగింది లేదు. కనుపాపతో చూసే ఏర్పాటు, కొన్ని మినహాయింపులు తర్వాత వచ్చాయి. అవి రాకముందు ఎన్నిళ్లలో ఆ పూట పొయ్యి వెలగలేదో ఎవరు చెప్పగలరు? ఆ డీలరుకు కళ్లున్నాయి, జ్ఞాపకం ఉంది, మనసూ ఉంది. అవేవీ పనికిరాకుండా చేసింది మిషన్‌లోని సాఫ్ట్‌వేర్. దాన్ని రాసింది మీలాంటి చదువుకున్న పిల్లలే. "సిస్టం ఒప్పుకోవడం లేదండీ" అని బ్యాంకులోనో ఆసుపత్రి కౌంటర్లోనో ఎవరైనా మీతో అన్నప్పుడు ఆ మనిషి మీద కోప్పడకండి. అలా అని అని, కొన్నేళ్లకు ఆలోచించడం మానేస్తాడు. ఆలోచించినా చేయనిచ్చేది ఏమీ లేనప్పుడు ఎవరైనా మానేస్తారు. ఒకే చిన్న పని జీవితమంతా చేసేవాడికి బుద్ధి వాడే అవసరమే రాదని ఆడమ్ స్మిత్ 1776లోనే రాశాడు, గుండుసూదుల కార్ఖానాలో పని విభజనను మెచ్చుకున్న ఆ పుస్తకంలోనే.

అలాగని చేత్తో చేసే పనంతా పవిత్రమని చెప్పడానికి నేను రాలేదు. బాయిలర్ ముందు బొగ్గు పారతో వేసి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. చింతకింది మల్లేశం గారి సంగతి మీకందరికీ తెలిసే ఉంటుంది. ఆయనది ఆలేరు దగ్గరి శారాజీపేట. పోచంపల్లి రకం చీరకు రంగులద్దే ముందు నూలును మేకుల చుట్టూ ఆసు పోయాలి. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. వాళ్లమ్మ లక్ష్మి గారికి భుజం నొప్పితో చెయ్యి లేవని పరిస్థితి. బడి చదువు సగంలోనే మానేసిన ఆయన ఏళ్ల తరబడి కుస్తీ పట్టి, 1999 నాటికి ఆ పని చేసే మిషన్ తయారుచేసి, దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. నేను చెప్పదలచుకున్నది ఆ మిషన్ ఏం తీసుకుంది, ఏం వదిలింది అన్నది. భుజం నొప్పిని తీసుకుంది. ఏ డిజైన్ వేయాలి, ముడి ఎక్కడ కట్టాలి, ఏ రంగు పక్కన ఏ రంగు రావాలి అన్నదాన్ని నేతగాళ్లకే వదిలింది. నేత పని లోపలినుంచి తెలిసిన మనిషి చేసిన మిషన్ కాబట్టే ఆ రెంటి మధ్య గీత అంత సరిగ్గా పడిందని నా నమ్మకం.

మీరు గీయబోయే గీతలు కూడా ఇలాంటివే. అందుకే కొన్ని అడుగుతున్నాను. తెర డిజైన్ చేసేవాళ్లు, ఆదేశం వెళ్లిందని కాకుండా వాల్వ్ నిజంగా కదిలిందో లేదో చూపించండి. కౌంటర్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు, ఎదుటి మనిషిని చూసి నిర్ణయం మార్చే వీలు అక్కడి ఉద్యోగికి ఇవ్వండి. ఎవరు ఎందుకు మార్చారో నమోదు చేయండి, దుర్వినియోగం జరిగితే పట్టుకోండి, కానీ అసలు వీలే లేకుండా చేయకండి. మీ డిజైన్ ఖాయం చేసేముందు ఒక నైట్ షిఫ్టు దాన్ని వాడబోయే మనిషి పక్కన కూర్చోండి.

ఆపరేటర్లుగా వెళ్లేవాళ్లు చేరగానే ఏసీ కంట్రోల్ రూమ్ అడగకండి. ఫీల్డ్ అడగండి. లైన్లు కాలినడకన ట్రేస్ చేసి, మీ చేత్తో పి అండ్ ఐడీ, అంటే గొట్టాల, పరికరాల పటం, గీయండి. తెర చూసేముందు లెవెల్ ఎంత ఉంటుందో ఒక అంకె మనసులో అనుకుని తర్వాత చూడండి. తేడా వస్తే ఎందుకొచ్చిందో తేలేదాకా వదలకండి. రిటైర్మెంట్‌కు దగ్గరపడిన ఆపరేటర్ ఎవరో కనుక్కుని ఆయన వెంట తిరగండి. మాన్యువల్‌లో లేని సంగతులు చాలా ఆయన దగ్గరే ఉంటాయి.

ఈ సభలో ముందు వరసలో కంపెనీల పెద్దలు కూర్చున్నారు, క్యాంపస్‌లో వీళ్లను తీసుకున్నది మీరే. అయ్యా, మీకూ ఒక విన్నపం. ఆటోమేషన్‌తో మిగిలిన డబ్బులో కొంత సిమ్యులేటర్ మీద పెట్టండి. నెలకోసారైనా ఆపరేటర్లను దానిమీద కూర్చోబెట్టి, అన్నీ ఆటోలోంచి తీసి మాన్యువల్‌లో నడిపించండి. ఫీల్డ్ పని మొత్తం కాంట్రాక్టుకు ఇచ్చేసి, ఏడాదికోసారి మనుషులను మార్చేస్తూ, ప్లాంటు తెలిసినవాళ్లు దొరకడం లేదని వాపోకండి. వీళ్లకు మొదటి ఏడాది లాగ్ షీటు ఇచ్చి పంపుల దగ్గరికి పంపండి.