గడప బయటే ఆగండి



ఈరోజు జర్నలిజం పట్టాలు అందుకున్న మీలో కొందరు త్వరలోనే కెమెరా భుజాన వేసుకుని సినిమా ఫంక్షన్లకూ, ఎయిర్‌పోర్టులకూ పరుగెత్తుతారు. ఆ పనిని నేను చిన్నచూపు చూడను. ప్రీరిలీజ్ వేదిక మీద హీరో చెయ్యి ఊపాడంటే అది కెమెరాల కోసం కూడా. హాయిగా తీయండి.

కానీ 2023 ఫిబ్రవరిలో ముంబైలో జరిగింది వేరు. నటి ఆలియా భట్ తన ఇంట్లో, హాల్లో కూర్చుని ఉన్నారు. ఎవరో చూస్తున్నట్టు అనిపించి తలెత్తితే, పక్క భవనం డాబా మీద ఇద్దరు మగవాళ్లు కెమెరా పట్టుకుని కనిపించారు. ఆ ఫొటోలు బయటికీ వచ్చాయి. మన ఇంట్లోకి ఎవరైనా అలా తొంగిచూస్తే ఊరుకుంటామా? గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. తారలకు అందులో మినహాయింపేమీ పెట్టలేదు.

‘పబ్లిసిటీ కావాల్సినప్పుడు వాళ్లే పిలుస్తారుగా’ అంటారు. నిజమే, పిలుస్తారు. నిన్న పిలిచారని ఇవాళ పిలవని చోటికి వెళ్లే హక్కు రాదు.

మాట వినే ఫొటోగ్రాఫర్లూ ఉన్నారు. 2021లో క్రికెటర్ విరాట్ కోహ్లి, ఆయన భార్య, నటి అనుష్కా శర్మ తమ పాప ఫొటోలు తీయొద్దని కోరారు. ముంబైలో చాలామంది ఆ మాట మన్నించారు, అనుష్క వాళ్లకు బాహాటంగా కృతజ్ఞతలు చెప్పారు. తర్వాతి జనవరిలో కేప్‌టౌన్ మ్యాచ్ ప్రసారంలో ఆ పసిపాప ముఖం చూపించేశారు. తల్లిదండ్రులు మళ్లీ అదే విన్నపం చేసుకోవాల్సి వచ్చింది.

హద్దు దాటి వెంటపడితే ఏమవుతుందో కూడా చూశాం. 1997 ఆగస్టు 31న పారిస్‌లోని ఆల్మా సొరంగంలో బ్రిటన్ యువరాణి డయానా కారు నుజ్జయింది. డ్రైవరు తాగి ఉన్నాడు, వేగంగా నడిపాడు. వెనక ఫొటోగ్రాఫర్లు తరుముతున్నారు. 2008లో లండన్ జ్యూరీ డ్రైవరుతోపాటు వెంటపడిన వాహనాలనూ తప్పుపట్టింది. నన్ను ఇప్పటికీ కలచివేసేది ఆ తర్వాతి సంగతి: లోపల మనుషులు చావుబతుకుల మధ్య కొట్టుమిట్టాడుతుంటే, కొందరు బయట నిలబడి ఫొటోలు తీశారు.

ఏదో ఒకరోజు డెస్క్ నుంచి మీకూ ఫోన్ వస్తుంది. ‘ఆస్పత్రి కిటికీలోంచి ఒక్క ఫ్రేమ్ చాలు’ అంటారు. ‘తియ్యను సార్’ అనండి. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు అది కష్టమని తెలుసు. అందుకే మీలో రేపు ఎడిటర్లు అయ్యేవాళ్లకు నాదొక విన్నపం: ఆ మాట అన్న కుర్రవాళ్లకు అండగా నిలబడండి, వాళ్ల ఉద్యోగం పోనివ్వకండి.