డీజిలు కారు: లాభనష్టములు



డీజిలు ఇంజను మన పల్లెలకు క్రొత్త చుట్టము కాదు. కారు రూపమున మన వాకిటికి వచ్చుటకు చాలముందే అది బావిగట్టున నీరు తోడినది. బియ్యపు మరను త్రిప్పినది. ట్రాక్టరై దుక్కి దున్నినది. తోటలో ఇంజను చప్పుడు విని ప్రొద్దు గుర్తించిన పెద్దలు మీలో పెక్కుమంది యుందురు. అయితే పొలమున మేలు చేసిన యంత్రము ఇంటిముందు నిలిచినపుడును అట్లే మేలు చేయునా? ఈ సాయంకాలము మీతో ముచ్చటింపదలచిన విషయ మిదియే.

"కారు కొనదలచితిమి. పెట్రోలుది కొందుమా, డీజిలుది కొందుమా?" అని నన్నడుగువారు కలరు. వారికి నేను వెంటనే బదులు చెప్పను. "ఏటికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుదురు? బయలుదేరిన ప్రతిమారు ఎంతదూరము పోవుదురు?" అని తిరుగ నడుగుదును. ఈ రెండు ప్రశ్నలకు సరియైన జవాబు దొరికినచో తక్కిన నిర్ణయము దానంతట నదియే తేలును. అది యెట్లో వివరించెదను.

మొదట ఈ యంత్రపు పుట్టుపూర్వోత్తరములు. దీనిని కనిపెట్టినవాడు రుడాల్ఫ్ డీజిల్. ఆయన జర్మను దంపతులకు 1858లో పారిస్ నగరమున జన్మించెను. 1897లో జర్మనీ దేశపు ఆగ్స్‌బర్గ్ పట్టణమున ఆయన ఇంజను చక్కగా పనిచేసి పండితుల మెప్పు పొందెను. 1900లో పారిస్‌లో జరిగిన మహాప్రదర్శనమున ఇట్టి ఇంజను నొకదానిని వేరుసెనగ నూనెతో నడిపి చూపిరి. అనంతపురము రైతులు విని సంతోషింపదగిన మాట యిది! ఈ ఇంజను చాలకాలము ఓడలకు, కార్ఖానాలకు, లారీలకు పనికివచ్చినది గాని కార్లకు ఎక్కలేదు. 1936లో మెర్సిడెస్ బెంజ్ వారు డీజిలు కారును వరుసగా తయారుచేసి అమ్మసాగిరి.

పెట్రోలు ఇంజనులో గాలియు పెట్రోలును కలిసిన మిశ్రమమును నిప్పురవ్వ అంటించును. డీజిలు ఇంజనులో నిప్పురవ్వతో పనిలేదు. గాలిని సుమారు పదునారవ వంతునకు అణచిపెట్టుదురు. అట్లణచినపుడు గాలి అయిదువందల డిగ్రీలకు మించి వేడెక్కును. సైకిలు పంపుతో గాలి కొట్టినపుడు పంపు అడుగుభాగము వేడెక్కుట మీరెరుగుదురు గదా, ఇదియు నట్టిదే. ఆ వేడిగాలిలోనికి డీజిలును సన్నని తుంపరగా చిమ్మగా తానే అంటుకొనును. ఇంత యొత్తిడికి ఓర్చుకొనవలెను గనుక ఇంజనును దిట్టముగా కట్టుదురు. అందుచేతనే దాని బరువును, ధరయు, ఆయువును హెచ్చు.

ఇక లాభములు. ఇందలి ముఖ్యమైనది ఇంధనపు పొదుపు. ఒక లీటరు డీజిలులో లీటరు పెట్రోలుకంటె నూటికి పది పాళ్ల మేర శక్తి యెక్కువ. ఆ శక్తిని పనిగా మార్చుటలోను డీజిలు ఇంజనుదే పైచేయి. రెండవది లాగుడు బలము. ఇంజను మెల్లగా తిరుగుచున్నపుడే దీనికి బలము వచ్చును. ఏడుగురు నెక్కి, సామాను నింపుకొని, శ్రీశైలము ఘాటురోడ్డు నెక్కునపుడు ఈ గుణము తెలియును. మూడవది, డీజిలు పెట్రోలువలె తటాలున ఆవిరియై అంటుకొనదు.

ఇన్ని గుణములుండగా సందేహమెందుకని మీరనవచ్చును. ఒకప్పుడు సందేహము లేకుండెను. 2012 మే నెలలో ఢిల్లీ నగరమున పెట్రోలు ధరకును డీజిలు ధరకును లీటరునకు ముప్పది రూపాయలకు పైగా భేద ముండెను. రైతును, లారీని దృష్టిలో నుంచుకొని ప్రభుత్వము డీజిలు ధరను అణచియుంచుటయే కారణము. ఆ చౌకను జూచి జనము డీజిలు కార్లకై ఎగబడిరి. 2014 అక్టోబరులో ప్రభుత్వము ధరపై కట్టుబాటును తీసివేసెను. 2020 జూనులో ఢిల్లీలో డీజిలు ధర పెట్రోలు ధరను మించిన దినములు సైతము వచ్చినవి. ఆనాటి పెద్ద భేదము పోయినది గాని "డీజిలన్న చౌక" అన్న మాట మాత్రము మన నోట నిలిచిపోయినది. నేడు నష్టమునకు మూలము ఈ పాతమాటయే.

ఒక లెక్క వేసి చూతము. కాగితము, పెన్సిలు దగ్గరనున్న మంచిదే. పెట్రోలు లీటరు 108 రూపాయలు, డీజిలు 96 రూపాయలు అనుకొందము. పెట్రోలు కారు లీటరునకు 15 కిలోమీటర్లు, డీజిలు కారు 20 కిలోమీటర్లు పోవుననుకొందము. పెట్రోలుకు కిలోమీటరుకు 7 రూపాయల 20 పైసలు, డీజిలుకు 4 రూపాయల 80 పైసలు పడును. మిగులు 2 రూపాయల 40 పైసలు. డీజిలు కారు ధర లక్షయిరువదివేలు హెచ్చనుకొందము. ఆ హెచ్చు సొమ్మునకు నూటికి తొమ్మిది వంతున ఏటికి వడ్డీ 10,800 రూపాయలు. మరమ్మతులకు, నూనె మార్పునకు అదనముగా 3,000. వెరసి ఏటి భారము 13,800.

ఏటికి 20,000 కిలోమీటర్లు తిరుగువానికి ఇంధనములో 48,000 మిగులును. భారము పోగా 34,200. మూడున్నర ఏండ్లలో హెచ్చుపెట్టిన సొమ్ము తిరిగివచ్చును. అటుపై నంతయు లాభమే. 10,000 కిలోమీటర్లు తిరుగువానికి పన్నెండేండ్లు దగ్గర పట్టును. ఏటికి 5,000 కిలోమీటర్లే తిరుగువానికి మిగులు 12,000, భారము 13,800. అనగా అతడు ఏటేట 1,800 రూపాయలు నష్టపోవుచు, లాభము పొందుచున్నానని సంతసించుచుండును! ధరలు మారును గనుక మీరు కొననున్ననాటి అంకెలు వేసికొనుడు. లెక్క వేయు తీరు మాత్రము ఇదియే.

ధనము సంగతి యిది. ఇంతకంటె ముఖ్యమైన సంగతి వేరొకటి కలదు. దానిని మా యింట జరిగిన ముచ్చటతో చెప్పెదను.

నాకు పెదనాయన వరుసయైన యొక పెద్దమనిషి కృష్ణాతీరమున వ్యవసాయము చేయుచుండెను. కొడుకు లిద్దరును హైదరాబాదులో ఉద్యోగస్థులు. ఆయన మినుములమ్మిన సొమ్ముతో క్రొత్త డీజిలు కారు కొనెను. "అబ్బాయీ, మన ట్రాక్టరు ఇరువదేండ్లు నడిచినది. ఇదియు నంతే" అని నాతో ననెను. ఆ కారు వారమునకు రెండుమార్లు ఆరు కిలోమీటర్ల దూరముననున్న మండల కేంద్రమునకు పోవును, బ్యాంకు ముందు నిలుచును, తిరిగివచ్చును. తక్కిన దినములలో పాకలో నుండును. రెండేండ్లకు ముందరి పలకపై నొక పసుపుపచ్చ దీపము వెలిగెను. బండి నడుచుచునే యున్నది గనుక ఆయన దానిని లెక్కచేయలేదు. ఒకనాటి రాత్రి మా పెద్దమ్మకు గుండెలో నొప్పి వచ్చినది. కారెక్కించుకొని పట్టణమునకు బయలుదేరిరి. దారిలో బండి బలము తగ్గి, ఎంత తొక్కినను ఎద్దుబండివలె మెల్లగా ప్రాకసాగెను. వెనుక వచ్చుచున్న ఆటోవాడు ఆగి యెక్కించుకొనుటచేత ఆమె సకాలమున ఆసుపత్రి చేరి బ్రతికినది. మా పెదనాయనగారు కారును నిందించిరి. మరమ్మతు చేసినవాడు మాత్రము, "అయ్యా, బండిలో లోపము లేదు. దీనికి పరుగు లేకపోవుటయే రోగము" అనెను.

ఆ మాట కర్థమేమి? 2020 ఏప్రిలు 1వ తేదీ నుండి మన దేశమంతట బీఎస్-6 అను పొగ నియమము అమలులోనికి వచ్చినది. డీజిలులో గంధకము పది లక్షల పాళ్లకు 50 నుండి 10 పాళ్లకు తగ్గినది. డీజిలు కార్ల పొగగొట్టములో మసిని పట్టుకొను జల్లెడ యొకటి చేరినది. పట్టిన మసిని ఆ జల్లెడ అప్పుడప్పుడు సుమారు 600 డిగ్రీల వేడిలో తానే కాల్చి బూడిద చేసికొనవలెను. అందులకు బండి ఆగకుండ పెద్దరోడ్డుపై పదిహేను, ఇరువది నిమిషములు నిలుకడగా పరుగెత్తవలెను. ఆరు కిలోమీటర్లు పోయి ఆగు బండికి ఆ వేడి యెక్కడిది? మసి పేరుకొనును, దీపము వెలుగును, అప్పటికిని వినకున్న, ఇంజను చెడిపోకుండ యంత్రమే తన బలమును తగ్గించుకొనును. జల్లెడ మార్పు వేలతో తీరు ఖర్చు కాదు. లక్ష దాటుటయు కలదు. పాత ట్రాక్టరు గుణము నెరిగిన మా పెదనాయనగారికి ఈ క్రొత్త గుణమును చెప్పినవారు లేరయిరి.

పొరుగూర విత్తనముల వ్యాపారి యొకడు అదే రకపు కారును అదే యేడాది కొనెను. అతడు దినమునకు నూరు కిలోమీటర్లకు తక్కువ లేకుండ గుంటూరు, నరసరావుపేట, మాచర్ల తిరుగును. అతని కారులో ఆ దీపము వెలుగనే లేదు. ధరయు తీరినది. బండి యొక్కటే, బాట వేరు. దున్నని యెద్దును కొట్టములో గట్టి మేపినచో ఎద్దు చెడును, మేతయు చెడును. డీజిలు కారును అట్టిదే.

కొన్నవారికి నాలుగు జాగ్రత్తలు. మొదటిది, పసుపు దీపమును చూచి ఊరకుండరాదు. ఒకమారు పెద్దరోడ్డుపై అరగంట నడుపుడు. అప్పటికిని ఆరకున్న మరమ్మతుశాలకు చూపుడు. రెండవది, మసి కాలునపుడు బండి అడుగుభాగము మిక్కిలి వేడిగా నుండును గనుక ఎండుగడ్డిమీద, కళ్లములో నిలుపరాదు. మూడవది, కొన్ని కార్లకు పొగను శుభ్రపరచుటకు యూరియా ద్రావణమును వేరొక తొట్టిలో పోయవలసియుండును. అది మిక్కిలి శుద్ధమైన యూరియా 32.5 పాళ్లు, శుద్ధజలము తక్కినవిగా చేసిన వస్తువు. పొలమునకు వేయు యూరియాకు వేపనూనె పూత యుండును; దానిని నీట కలిపి పోసినచో వేలకు వేల నష్టము. నాలుగవది, డీజిలు కారులో పొరపాటున పెట్రోలు పోసినచో ఇంజనును త్రిప్పనేకూడదు. పంపునకు డీజిలే కందెన. పెట్రోలు ఆ కందెనను కడిగివేయును. తొట్టి ఖాళీచేయించిన పిదపనే నడుపవలెను.

"జల్లెడ తీసివేసెదము, బాధ వదలును" అని చెప్పు మెకానికులు కలరు. వారి మాట వినకుడు. అది చట్టవిరుద్ధము. అంతేకాదు, డీజిలు పొగ మనుష్యులకు క్యాన్సరు కలిగించునదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో నిర్ణయించినది. జల్లెడ పనిచేయుచున్న బండికిని, లేని బండికిని పొగలో ఎంతయో భేదము. వాకిటిలో బండిని ఊరక నడుపుచుండగా ఆ పొగ పీల్చునది అరుగుమీది మనుమలే గదా!

మారుబేరపు సంగతియు గమనింపదగినది. దేశరాజధాని ప్రాంతమున పదేండ్లు దాటిన డీజిలు కార్లు తిరుగరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునలు ఆదేశించెను; 2018లో సుప్రీంకోర్టు దానిని బలపరచెను; 2025లో ఆ కట్టుబాటును కొంత సడలించెను. ఆ నియమము మన రాష్ట్రములకు లేదు. కాని దానివలన అచ్చటి పాతబండ్లు చౌకగా మన సంతలకు వచ్చుచున్నవి. చౌకయని కొనునపుడు కాగితములు, ఇచ్చట తిరిగి కట్టవలసిన జీవితపన్ను, మిగిలిన రిజిస్ట్రేషను కాలము చూచుకొనుడు. పైగా మారుతీవంటి పెద్ద కంపెనీ 2020లో డీజిలు కార్లు చేయుట మానివేసినది. చిన్నకార్లలో డీజిలు నేడు అరుదు, పెద్దబండ్లలోనే నిలిచినది. దూరపు బాటకు, బరువునకు తగిన యంత్రమని తయారుచేయువారే దీనివలన తెలిపినట్లయినది.

కావున నేను చెప్పదలచినది ఇంతియే. డీజిలు కారు చెడ్డది కాదు, మంచిదియు కాదు, అది పనివాడు. దినదినము దూరము పోవువారు, కుటుంబముతో బరువుతో ఘాట్లెక్కువారు నిశ్చింతగా కొనవచ్చును. బ్యాంకునకు, సంతకు, డాక్టరువద్దకు మాత్రమే పోవువారు పెట్రోలు కారుతో తృప్తిపడుట మేలు. పొరుగువాడు కొన్నాడని గాని, పాత ట్రాక్టరు మీది ప్రేమతో గాని నిర్ణయింపకుడు. నెలరోజులు మీ ప్రయాణములను ఒక పుస్తకమున వ్రాసికొనుడు. ఆ పుస్తకమును పండ్రెండుతో హెచ్చవేసిన మీ జవాబు మీకే దొరకును. మా పెదనాయనగారు పిదప ఆ కారును హైదరాబాదునకు విజయవాడకు తిరుగు పెద్దకొడుకున కిచ్చివేసిరి. అది ఇప్పుడు చక్కగా నడుచుచున్నది.

సెలవు.